యూకేలో కారు ఫైనాన్స్ మధ్యలో ఆపేస్తే వచ్చే డ్యామేజ్ బిల్లు: ఏది కట్టాలి, ఏది కాదనొచ్చు

యూకేలో కారు ఫైనాన్స్ గడువు కాకముందే ఆపేసి బండి వెనక్కిచ్చేసిన వాళ్లకి అసలు గొడవ మొదలయ్యేది బండి పోయాకే. కలెక్షన్‌కి వచ్చినతను కారు చుట్టూ ఒక రౌండ్ వేసి, ఫోన్లో నాలుగు టిక్కులు కొట్టి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు, హమ్మయ్య ఒక పని అయిందిలే అనుకుంటుంటే కొన్నాళ్లకి ఈమెయిల్లో ఇన్వాయిస్ దిగుతుంది: నాలుగు అల్లాయ్ వీల్స్ రిపేరు, వెనక బంపర్ మళ్లీ పెయింటు, ఎడమ డోరు మీద సొట్ట, ఒక టైరు, రెండో తాళం ఇవ్వలేదు, సర్వీస్ రికార్డు లేదు, అన్నీ కలిపి వెయ్యి పౌండ్లకి దగ్గర. కింద ఫలానా తేదీలోపు కట్టండి అని ఒక లైను.

ఇక్కడ జనం రెండు రకాలుగా చేస్తారు. కొంతమంది క్రెడిట్ స్కోర్ భయంతో ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా కట్టేస్తారు, ఇంకొంతమంది ఒక్క పైసా ఇవ్వం ఏం చేసుకుంటారో చేసుకోండి అని మెయిల్ పెట్టి వదిలేస్తారు. రెండూ నష్టమే. ఆ ఇన్వాయిస్ ఫైనాన్స్ కంపెనీ తన వైపు నుంచి వేసుకున్న లెక్క, అందులో కొన్ని లైన్లు నిలబడతాయి, కొన్ని నిలబడవు, ఏది నిలబడుతుందో తేల్చేది ముందు చట్టం, తర్వాత కొలత, ఆ తర్వాత ఫోటో.

మన వాళ్లకి ఈ విషయం కొంచెం కొత్తగా అనిపించడానికి ఒక కారణం ఉంది. ఆంధ్రాలో, తెలంగాణలో కారు లోన్ అంటే ఆర్సీ మన పేరు మీదే ఉంటుంది, దాని మీద బ్యాంకు హైపోథికేషన్ రాయించుకుంటుంది, లోన్ తీరాక ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చుకుని ఆర్టీఓ ఆఫీసులో దాన్ని కొట్టేయించుకుంటాం. సగంలో బండి ఇచ్చేసి చేతులు దులుపుకునే హక్కు అక్కడ లేదు, ఇచ్చేసినా బ్యాంకు అమ్ముకుని, తక్కువపడ్డ డబ్బు మళ్లీ మన దగ్గరే అడుగుతుంది. యూకేలో హైర్ పర్చేజ్ (కిస్తీలన్నీ తీరాక కారు సొంతమయ్యే పద్ధతి) గానీ పీసీపీ (పర్సనల్ కాంట్రాక్ట్ పర్చేజ్, నెల కిస్తీ తక్కువగా ఉండి చివర్లో పెద్ద మొత్తం మిగిలే పద్ధతి) గానీ అలా కాదు. ఆఖరి కిస్తీ కట్టేదాకా కారు ఓనర్ ఫైనాన్స్ కంపెనీయే, నడుపుకునే మనిషి రిజిస్టర్డ్ కీపర్ మాత్రమే. ఓనర్ వేరే కాబట్టే బండి వెనక్కిచ్చి తప్పుకునే దారి ఉంది, అదే కారణంతో "మా వస్తువు పాడుచేశావు" అని బిల్లు వేసే దారి కూడా ఉంది.

ఆ తప్పుకునే దారి పేరు వాలంటరీ టెర్మినేషన్, అందరూ వీటీ అంటారు. కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ 1974 సెక్షన్ 99 కింద, ఆఖరి పేమెంట్ గడువు రాకముందు ఎప్పుడైనా రాతపూర్వకంగా నోటీసిచ్చి అగ్రిమెంట్ ముగించేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ఎంత కట్టాలన్నది సెక్షన్ 100 చెబుతుంది: మొత్తం ధరలో సగం. ఇప్పటికే సగం కట్టేసి ఉంటే ఇంకేమీ లేదు, కట్టకపోతే ఆ తేడా కట్టాలి, పాత బకాయిలుంటే అవి కూడా తీర్చాలి. సగం కట్టాకే నోటీసివ్వాలి అని చాలామంది అనుకుంటారు గానీ అలా లేదు.

సగం అన్నచోట పీసీపీ వాళ్లు తప్పులో కాలేస్తుంటారు. లెక్క ఇలా ఉంటుంది: మొత్తం కట్టాల్సింది 24,000 పౌండ్లు అనుకుందాం, అందులో డిపాజిట్ 2,000, నెలకి 290 చొప్పున 48 నెలలు, చివర్లో బెలూన్, అంటే కారు ఉంచుకోవాలంటే ఒకేసారి కట్టే పెద్ద మొత్తం, 8,080. సగం అంటే 12,000, బెలూన్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది కాబట్టి 24వ నెలకి సగం అవ్వదు, 35వ కిస్తీ కట్టాకే దాటుతుంది. డిపాజిట్, పాత కారు ఎక్స్చేంజ్‌లో ఇచ్చి ఉంటే దాని విలువ, రెండూ కట్టినట్టే లెక్క.

ఇంకో జాగ్రత్త, వాలంటరీ సరెండర్ అని ఇంకోటి ఉంది, పేరు దగ్గరగా ఉంటుంది, ఫోన్లో కస్టమర్ సర్వీస్ వాళ్లు రెండిటినీ కలిపేసి మాట్లాడినా ఆశ్చర్యం లేదు. సరెండర్ అంటే కారు ఇచ్చేస్తారు, వాళ్లు అమ్ముకుంటారు, మిగిలిన బాకీ మొత్తం మీ నెత్తిన ఉంటుంది, సగం అనే పరిమితి ఉండదు. అందుకే నోటీసులో సెక్షన్ 99 ప్రకారం అగ్రిమెంట్ ముగిస్తున్నాను అని స్పష్టంగా రాసి మెయిల్లో పంపాలి, పోస్టులో కూడా పంపితే ఇంకా మంచిది. దానికి జవాబుగా కంపెనీ తన సొంత ఫారం ఒకటి పంపి సంతకం పెట్టమనొచ్చు, అందులో డ్యామేజ్ ఛార్జీలన్నీ ఒప్పుకుంటున్నాను అన్న లైను దూర్చి ఉందేమో చూసుకోవాలి. అగ్రిమెంట్ ముగిసేది మీ నోటీసుతో, వాళ్ల ఫారంతో కాదు. అలాగే ఈ చట్టంలోనే సెక్షన్ 173 ఉంది, చట్టం ఇచ్చిన రక్షణని తగ్గించేలా కాంట్రాక్టులో రాసుకున్న షరతు చెల్లదు అని. పర్సనల్ లోన్ తీసుకుని కొన్న కారుకి, లీజు కారుకి సెక్షన్ 99 వర్తించదు, వాటి సంగతి వేరు.

ఇక డ్యామేజ్ దగ్గరికొద్దాం. సెక్షన్ 100 నాలుగో ఉపసెక్షన్ చెప్పేది ఇంతే: వస్తువుని తగినంత జాగ్రత్తగా చూసుకోవాల్సిన బాధ్యతని కస్టమర్ తప్పితే, దానివల్ల కంపెనీకి జరిగిన నష్టం భర్తీ అయ్యేంత మొత్తం పైన కలపొచ్చు. ఈ ఒక్క వాక్యంలో కస్టమర్‌కి పనికొచ్చే ముక్కలు రెండున్నాయి. ఒకటి, చట్టం అడిగేది తగినంత జాగ్రత్త, షోరూం కండిషన్ కాదు. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడ రంగు వెలిసిపోవడం వేరు, తలుపు విరిగి ఉండటం వేరు, ఇక్కడా అంతే, మూడేళ్లు రోజూ ఎం25 (లండన్ చుట్టూ ఉన్న మోటార్‌వే) మీద తిరిగిన బండి ముందు బానెట్ మీద రాళ్ల గాట్లు లేకుండా ఎలా ఉంటుంది. రెండోది, కలిపే మొత్తం నష్టానికి సమానంగా ఉండాలి. జరిమానా వేయమని చట్టం చెప్పలేదు.

మరి ఏది మామూలు అరుగుదల, ఏది డ్యామేజ్? చట్టంలో కొలతలు లేవు. ఆ ఖాళీలోకి వచ్చిందే బీవీఆర్‌ఎల్‌ఏ గైడ్, అంటే బ్రిటిష్ వెహికల్ రెంటల్ అండ్ లీజింగ్ అసోసియేషన్ వాళ్లు వేసే ఫెయిర్ వేర్ అండ్ టేర్ పుస్తకం. లీజు బళ్లు తిరిగిచ్చేటప్పటి కోసం ఇండస్ట్రీ వాళ్లు రాసుకున్నది, చట్టం కాదు, కానీ దాదాపు అందరూ దాన్నే కొలబద్దగా వాడతారు, గొడవ ఫైనాన్షియల్ ఓంబుడ్స్‌మన్ (కస్టమర్లకి, ఫైనాన్స్ కంపెనీలకి మధ్య గొడవలు తేల్చే సంస్థ) దాకా వెళ్తే అక్కడ కూడా సాధారణంగా దాన్నే ముందు పెట్టుకుని చూస్తారు. అందులో ముఖ్యమైన కొలతలు ఇలా ఉంటాయి: గీత 25 మిల్లీమీటర్ల లోపు ఉండి కింద ప్రైమర్ గానీ రేకు గానీ కనపడకపోతే పర్లేదు, సొట్ట 15 మిల్లీమీటర్ల లోపు ఉండి పెయింట్ పగలకపోతే, ఒక ప్యానెల్ మీద రెండు మించకపోతే పర్లేదు, అల్లాయ్ వీల్ అంచు చుట్టూ రాపిడి మొత్తం కలిపి 50 మిల్లీమీటర్ల దాకా పర్లేదు. పాత ఎడిషన్లలో కొన్ని కొలతలు ఇంకా కఠినంగా ఉండేవి, కాబట్టి కంపెనీ ఏ ఎడిషన్ పట్టుకుని కొలిచిందో అడగడంలో తప్పులేదు.

25 మిల్లీమీటర్లంటే దాదాపు ఒక అంగుళం. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో "స్క్రాచ్, 25 మి.మీ. కంటే ఎక్కువ" అని రాసి, పక్కన పెట్టిన ఫోటోలో డోరు మీద మబ్బు నీడ, స్ట్రీట్ లైట్ ప్రతిబింబం, వేలు చూపిస్తున్న చెయ్యి తప్ప ఏమీ కనపడకపోతే, ఆ లైను నిలబడటం కష్టం. స్కేలు గానీ కొలత స్టిక్కర్ గానీ పక్కన పెట్టి తీసిన ఫోటో ఉంటే అది వేరే సంగతి. అందుకే ఇన్వాయిస్ రాగానే మొదట అడగాల్సింది డబ్బు తగ్గించమని కాదు, పూర్తి రిజల్యూషన్ ఫోటోలు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, ఒక్కో లైనుకి ఆ మొత్తం ఎలా వచ్చిందో లెక్క, ఈ మూడూ పంపమని. పీడీఎఫ్‌లో అగ్గిపెట్టె సైజు ఫోటోలు పెట్టి పంపితే అసలు ఫోటోలు కావాలని మళ్లీ అడగాలి. నష్టం జరిగిందని అంటున్నది వాళ్లు, చూపించాల్సిందీ వాళ్లే.

ఫోటోల విషయంలో కస్టమర్ వైపు కూడా అంతే. కారు తీసుకెళ్లే రోజు ఉదయమే, వాళ్లొచ్చాక హడావిడిగా కాదు, ముందే కడిగి ఆరబెట్టి, వెలుతురులో నాలుగు వైపులా, నాలుగు చక్రాలు దగ్గరగా, అద్దం, సీట్లు, బూట్, మీటరు మీద మైళ్లు, రెండు తాళాలు ఒకే ఫ్రేములో, సర్వీస్ పుస్తకం, ఇవన్నీ తేదీ తెలిసేలా తీసుకుని, ఆపకుండా ఒక వీడియో కూడా తీసి పెట్టుకోవాలి. గీతలు ఉన్నచోట తప్పించుకుని తీస్తే మనకే నష్టం, చిన్న స్కేలు పక్కన పెట్టి ఆ గీతనే తీయాలి, అప్పుడు 18 మిల్లీమీటర్లది 18 లాగే రికార్డులో ఉంటుంది. వచ్చినతను వానలో, చీకట్లో, మురికి కారు మీద ఇన్‌స్పెక్షన్ చేసి ఫలితం తర్వాత డిపోలో చెప్తాం అంటే, ఆ విషయం ఫారం మీదే రాయించాలి, రాయనంటే అప్పటికప్పుడు కంపెనీకి ఒక మెయిల్ కొట్టాలి. ఎందుకంటే కారు మీ వాకిట్లోంచి వెళ్లాక లారీ మీద ఎక్కించేటప్పుడు తగిలిందో, ఆక్షన్ యార్డులో ఎవరైనా రివర్స్ చేస్తూ గుద్దారో ఎవరు చెప్పగలరు? మీ దగ్గర తీసుకున్నప్పటి షీట్‌లో లేని సొట్ట డిపో రిపోర్టులో కొత్తగా వస్తే, అది మీ చేతిలో ఉన్నప్పుడే పడిందని కంపెనీ చూపించాలి.

ఇప్పుడు పైన చెప్పిన ఊహా ఇన్వాయిస్‌నే లైన్ లైన్‌గా చూద్దాం. అల్లాయ్‌లు: ఇక్కడ చాలాసార్లు కంపెనీయే గెలుస్తుంది, ఇరుకు వీధుల్లో పార్కింగ్ చేస్తూ పేవ్‌మెంట్ అంచుకి రాసుకోని చక్రం లేదు, 50 మిల్లీమీటర్లు చాలా తేలిగ్గా దాటిపోతుంది. అయినా నాలుగింటికీ ఛార్జ్ వేసి ఫోటోలు రెండింటివే పెడితే మిగతా రెండూ కాదనొచ్చు. బంపర్: పెయింట్ పోయి ప్లాస్టిక్ కనపడితే కట్టాల్సిందే, కానీ మూలన చిన్న గీతకి బంపర్ మొత్తం పెయింట్ ఛార్జ్ వేస్తే ఆ మొత్తం ఎందుకు అని అడగొచ్చు, ఆ మూల వరకే చేసే స్మార్ట్ రిపేరు బయట ఎంతకి చేస్తారో ఒకటి రెండు కొటేషన్లు తీసుకుని జత చేస్తే వాదన గట్టిపడుతుంది. టైరు: చట్టబద్ధమైన లోతు 1.6 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉండి కోతలు, ఉబ్బులు లేకపోతే అరిగింది అని ఛార్జ్ వేయడం కుదరదు. తాళం ఇవ్వకపోతే కట్టాలి, ఇంట్లో దొరికితే వెంటనే ట్రాక్డ్ పోస్టులో పంపేయాలి. సర్వీస్ రికార్డు లైను జనం తేలిగ్గా తీసుకుంటారు గానీ కంపెనీకి గట్టిగా నిలబడే లైన్లలో ఇదొకటి, అగ్రిమెంట్‌లో తయారీదారు షెడ్యూల్ ప్రకారం సర్వీస్ చేయించాలని ఉండి అది చేయించకపోతే కాదనడానికి పెద్దగా ఏమీ ఉండదు. చేయించి రసీదు పోయిందంటే మాత్రం ఆ గ్యారేజీకి ఫోన్ చేస్తే కాపీ ఇస్తారు, డిజిటల్ రికార్డు అయితే ఇంకా సులువు.

డోరు సొట్ట దగ్గర ఒక ఆసక్తికరమైన పాయింట్ ఉంది. టెస్కో, ఆజ్డా లాంటి సూపర్‌మార్కెట్ దగ్గర పార్క్ చేసి ఉంటే పక్క కారువాడు డోరు తీసి కొట్టాడు, మీరక్కడ లేరు కూడా. తగినంత జాగ్రత్త తీసుకోలేదని దీన్ని అనగలరా? చట్టం మాటలు పట్టుకుంటే వాదించడానికి చోటుంది, ఎందుకంటే సెక్షన్ 100 జాగ్రత్త తప్పడం గురించి మాట్లాడుతుంది గానీ కారుకి ఏం జరిగినా నువ్వే కట్టు అనలేదు. కానీ ఆచరణలో ఈ వాదన మీద మరీ ఆశ పెట్టుకోవద్దు, సాధారణంగా ఎవరు కొట్టారన్నది పక్కనపెట్టి సొట్ట సైజు గైడ్ దాటిందా లేదా అనే చూస్తారు, పైగా అగ్రిమెంట్లలో రిపేర్లు చేయించి ఉంచాలి అన్న షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కొలత మీద గెలవగలిగితే కొలతే పట్టుకోవడం మంచిది, లా పాయింట్ రెండో వరసలో పెట్టుకోవచ్చు.

ఇంకో వాదన ఆన్‌లైన్లో బాగా తిరుగుతుంది: కంపెనీ ఆ రిపేర్లు చేయించనే లేదు, అలాగే ఆక్షన్‌లో అమ్మేసింది, కాబట్టి నేను కట్టక్కర్లేదు అని. వినడానికి బాగుంటుంది గానీ ఓంబుడ్స్‌మన్ దగ్గర ఇది పెద్దగా పనిచేయదు, రిపేర్ చేయించకపోయినా డ్యామేజ్ వల్ల అమ్మకం ధర తగ్గుతుంది కదా అంటారు, అదీ న్యాయమే. దీన్ని ఇంకోలా వాడుకోవచ్చు, నష్టం అంటే ధర తగ్గడమే అయితే ఎనభై వేల మైళ్లు తిరిగిన ఆరేళ్ల బండికి ఒక చిన్న గీత వల్ల మీరు వేసినంత ధర నిజంగా తగ్గిందా అని అడగాలి.

మైళ్ల సంగతి కూడా ఇన్వాయిస్‌లో కలిసి వస్తుంది, పీసీపీలో ఏడాదికి ఇన్ని మైళ్లని ఒప్పుకుని ఎక్కువ తిప్పితే మైలుకి ఇన్ని పెన్స్ అని. వీటీ చేసినప్పుడు ఇది వసూలు చేయొచ్చా అన్నదాని మీద చాలాకాలంగా రెండు వాదనలున్నాయి. సెక్షన్ 100లో మైళ్ల ప్రస్తావనే లేదు, సగానికి మించి కట్టించడం సెక్షన్ 173కి విరుద్ధం అని ఒకవైపు, కాంట్రాక్టులో స్పష్టంగా రాసుకున్నారు కదా అని ఇంకోవైపు. మీ అగ్రిమెంట్‌లో ఆ క్లాజు ముందుగా ముగించినప్పుడు కూడా వర్తిస్తుందని రాసి ఉందా, కారు గడువు చివర్లో ఇచ్చినప్పటి గురించే ఉందా అన్నది చదువుకోవాలి, డ్యామేజ్ గొడవని, మైళ్ల గొడవని లెటర్లో రెండు వేరు వేరు అంశాలుగా రాయాలి, కలిపేస్తే ఒకటి బలహీనమైతే రెండోదాన్ని కూడా లాగేస్తుంది.

పద్ధతి సంగతి. ఫోన్లో వాదించడం టైం వేస్టు, రాతలో కంప్లైంట్ అన్న మాట వాడి పంపాలి, ఆ మాట పడితే కంపెనీకి గడియారం మొదలవుతుంది. ఎనిమిది వారాల్లో తుది జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా ఫైనాన్షియల్ ఓంబుడ్స్‌మన్ సర్వీస్‌కి వెళ్లొచ్చు, ఉచితం, లాయర్ అక్కర్లేదు, తుది జవాబు వచ్చిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి. అక్కడ ముందు ఇన్వెస్టిగేటర్ చూసి అభిప్రాయం చెప్తారు, ఒప్పుకోకపోతే ఓంబుడ్స్‌మన్ తుది నిర్ణయం ఇస్తారు, దాన్ని మీరు అంగీకరిస్తే కంపెనీ కట్టుబడాల్సిందే, మీరు అంగీకరించకపోతే కోర్టు దారి మీకు మూసుకుపోదు. అక్కడి తుది నిర్ణయాలు వాళ్ల సైట్‌లోనే పేర్లు లేకుండా పబ్లిష్ చేస్తారు, మీ కేసులాంటివి నాలుగైదు చదివితే ఏ లైన్లు ఎగిరిపోతాయో ఏవి నిలబడతాయో తెలిసిపోతుంది, ఆ గంట చదువు అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది.

కంప్లైంట్‌లో నిజంగా ఉన్న డ్యామేజ్‌ని ఒప్పేసుకోవడం తెలివైన పని. ముందు ఎడమ చక్రం నిజమే, తాళం నిజమే, వీటికి ఇంత కడుతున్నాను, మిగతావి ఈ కారణంతో కాదంటున్నాను అని రాస్తే చదివే మనిషికి మిగతా మాటల మీద నమ్మకం వస్తుంది. గొడవ తేలేదాకా కలెక్షన్ ఏజెన్సీకి పంపొద్దని, క్రెడిట్ ఫైల్లో బకాయిగా వేయొద్దని అదే లెటర్లో అడగాలి. చాలాసార్లు మధ్యలోనే గుడ్‌విల్ అని చెప్పి కొంత తగ్గిస్తామని ఆఫర్ వస్తుంది, బలహీనమైన లైన్లు ఎక్కువున్నాయనుకుంటే తీసుకోవచ్చు, కానీ దీంతో అకౌంట్ పూర్తిగా ముగిసింది, ఇంకేమీ బాకీ లేదు అని రాతలో వచ్చాకే డబ్బు పంపాలి.

అసలు చాలా గొడవలు నోటీసుకి ముందే తేల్చుకోవచ్చు. గైడ్ కూడా తిరిగిచ్చే తేదీకి 10 నుంచి 12 వారాల ముందే కారు చూసుకోమంటుంది, మన వాళ్లు ఇది చేయరు, టికెట్లు, సామాన్ల షిప్పింగ్, ఇంటి డిపాజిట్ హడావిడిలో కారు చివర్లో గుర్తొస్తుంది. కానీ దగ్గర్లో మొబైల్ రిపేర్ చేసేవాళ్లతో రెండు చక్రాలు, ఒక సొట్ట ముందే చేయిస్తే ఇన్వాయిస్ కంటే తక్కువలో పోవచ్చు, నాసిరకం పెయింట్ చేయిస్తే మాత్రం అదే ఇంకో లైనుగా తిరిగొస్తుంది.

ఇండియాకి వెళ్లిపోయేవాళ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. వీసా అయిపోయిందనో ప్రాజెక్టు ముగిసిందనో వీటీ చేసి హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కేస్తారు, ఇన్వాయిస్ రీడింగ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో ఖాళీ చేసిన ఫ్లాట్‌కి వెళ్తుంది, ఎవరూ తీయరు. తర్వాత లెటర్ ఆఫ్ క్లెయిమ్, అంటే కోర్టుకెళ్లేముందు పంపే హెచ్చరిక లెటర్, వస్తుంది, దానికి 30 రోజుల టైం ఉంటుంది, అదీ ఎవరూ తీయరు. ఆ తర్వాత కౌంటీ కోర్ట్ క్లెయిమ్ ఫారం, 14 రోజుల్లో స్పందించకపోతే ఎదురు వాదన లేకుండానే జడ్జిమెంట్ వచ్చేయొచ్చు, నెలలోపు మొత్తం కట్టకపోతే అది కోర్టు జడ్జిమెంట్ల రిజిస్టర్‌లో ఆరేళ్లు కూర్చుంటుంది, మళ్లీ యూకే వచ్చి ఇల్లు అద్దెకి తీసుకోవాలన్నా ఫైనాన్స్ అడగాలన్నా అదే ఎదురొస్తుంది. జడ్జిమెంట్ రద్దు చేయమని అప్లై చేసుకోవచ్చు గానీ ఫీజు, కారణాలు, తలనొప్పి. దీనికంటే వెళ్లేముందే కంపెనీకి కొత్త అడ్రస్, పనిచేసే ఈమెయిల్ రాతలో ఇచ్చి, లాగ్‌బుక్ (కారు రిజిస్ట్రేషన్ పత్రం) విషయం బళ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏకి చెప్పి, పాత అడ్రస్‌కి వచ్చే ఉత్తరాలు కొత్త చోటికి పంపే రాయల్ మెయిల్ రీడైరెక్షన్ పెట్టుకుంటే సగం ప్రమాదం పోతుంది. ఓంబుడ్స్‌మన్‌కి ఇండియా నుంచి కూడా ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు, ఒప్పందం యూకేలో జరిగింది కదా. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇలాంటి బాకీ మీద కేసు వేయడానికి సాధారణంగా ఆరేళ్ల గడువు ఉంటుంది కాబట్టి ఆ ఫోటోలు, వీడియో, నోటీసు కాపీ అప్పటిదాకా క్లౌడ్‌లో ఏదో ఫోల్డర్లో పడి ఉండనివ్వాలి, ఫోన్ మార్చినప్పుడు డిలీట్ చేసేయకూడదు.